రెజొనెన్స్ అంటే ప్రతిధ్వనా, అనునాదమా?

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను, చదివేవాళ్ళకి వీలుగా ఉంటుంది. మీ అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. చదువుతూ వీణ కూడా నేర్చుకుంటోంది. డిక్షనరీలో రెజొనెన్స్ అంటే ప్రతిధ్వని అని ఉంది. ఫిజిక్స్ తెలుగు పుస్తకంలో అనునాదం అని ఉంది. కెమిస్ట్రీలో బెంజీన్ దగ్గర అదే మాట మళ్ళీ వచ్చింది. మొన్న మీ నాన్నగారికి తీయించిన ఎం.ఆర్.ఐ.లో ‘ఆర్’ కూడా అదేనని స్కానింగ్ సెంటర్‌లో చెప్పారు. ఈ మాట ఎక్కడిది, ఇన్ని చోట్ల ఉన్నది ఒకటేనా అని అడిగారు. నేను విజయనగరంలో ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి, ఇంట్లో వీణ మోగుతూ ఉండగా పెరిగినవాణ్ణి. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు మాట పుట్టుక. లాటిన్‌లో ‘సొనారె’ అంటే మోగడం. దానికి ముందు ‘రె’ చేరిస్తే ‘రెసొనారె’, అంటే తిరిగి మోగడం, మళ్ళీ మోగడం. అందులోంచి వచ్చిన నామవాచకం ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరింది. ఆ ‘సొనారె’కి మన సంస్కృతంలో చుట్టం ఉంది. స్వనం, నిస్వనం అని పద్యాల్లో చదువుకుంటామే, ఆ ‘స్వన్’ ధాతువూ అదీ ఒకే కుదురు నుంచి వచ్చినవి.

కాబట్టి మీ డిక్షనరీ తప్పు చెప్పలేదు, పాత అర్థం చెప్పింది. కొండకి తగిలి తిరిగొచ్చిన కేకనీ, కొట్టాక చాలాసేపు మోగే గంటనీ పాతకాలం వాళ్ళు ఒకే మాటతో చెప్పేవారు. శాస్త్రం పెరిగాక రెండూ విడిపోయాయి. తిరిగొచ్చేదాన్ని ఎకో అన్నారు, అది గ్రీకు మాట, మనకి ప్రతిధ్వని. ప్రతిధ్వనిలో కొండ మోగదు, మన గొంతే వెనక్కి వస్తుంది. రెజొనెన్స్‌లో మోగేది ఎదుటి వస్తువే, తన సొంత గొంతుతో. పరీక్షలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ తేడా దగ్గరే.

మనవాళ్ళు ఈ సంగతిని పట్టుకున్న తీరు నాకు చాలా ఇష్టం. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో స్వరానికి నిర్వచనం చెబుతూ ‘అనురణనాత్మకం’ అన్నాడు. మీటగానే పుట్టే మొదటి చప్పుడు వెంట స్నిగ్ధంగా సాగే మోత, తనంతట తానే వినేవాడి మనసుని రంజింపజేసేది స్వరం అని ఆయన భావం. అంతకు నాలుగు శతాబ్దాల ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ అనురణనాన్ని కవిత్వానికి పట్టుకెళ్ళాడు. మాటకున్న మామూలు అర్థం గంట కొట్టిన దెబ్బలాంటిది, ఆ తర్వాత మనసులో తోచే వ్యంగ్యార్థం దాని అనురణనంలాంటిది అన్నాడు. ‘ఆయన ప్రసంగం జనంలో బాగా రెజొనేట్ అయింది’ అని ఇప్పుడు టీవీల్లో అంటున్నది ఇంగ్లీషు వాడుకే గానీ, ఆ ఊహ మనకి కొత్తది కాదు.

ఇక ఫిజిక్స్‌కి వద్దాం. బోరింగ్ దగ్గర బకెట్ నిండా నీళ్ళు పట్టుకుని నడిచిన ప్రతివాళ్ళకీ రెజొనెన్స్ అనుభవంలో ఉంది. మెల్లగా నడిస్తే నీళ్ళు కదలవు. పరుగెత్తితే అదిరిపడతాయి గానీ ఊగవు. మామూలు నడకలో మాత్రం అడుగడుక్కీ ఊపు పెరిగి, పది అడుగులు వెయ్యకముందే కాళ్ళ మీద పడతాయి. దీనికి లెక్క ఉంది. 28 సెంటీమీటర్ల వెడల్పున్న బకెట్‌లో నీళ్ళు తమంతట తాము సెకనుకి సుమారు 1.8 సార్లు అటూ ఇటూ ఊగుతాయి. మనిషి మామూలుగా నడిస్తే సెకనుకి రెండడుగులకి కాస్త అటూ ఇటూగా పడతాయి. రెండూ దగ్గర దగ్గర కావడం వల్ల ప్రతి అడుగూ సరిగ్గా నీళ్ళు కదిలే వేళకే ఒక చిన్న తోపు తోస్తుంది. ఒక్కో తోపులో బలం ఏమీ ఉండదు, అవి వేళకి పడి పోగవుతాయి. మా అమ్మమ్మ నీళ్ళ మీద ఒక వేప మండ వేసి తెచ్చేది. ఆకులు నీటి ఊపుని ఎప్పటికప్పుడు తినేస్తాయి, నీళ్ళు ఒలకవు. పుస్తకంలో అవరోధం, డాంపింగ్ అని చదివేది ఆ మండ చేసే పనే.

గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో ఇదే చెప్పాడు. చర్చిలో వేలాడే భారీ గంటని ఒక్క మనిషి సరైన వేళకి లాగుతూ పోతే ఊపగలడు, అదే గంట ఊపందుకున్నాక తాడు పట్టుకున్న ఆరుగురిని పైకి లేపెయ్యగలదు అన్నాడు. వెంటనే ఆ మాటనే తీగలకి వర్తింపజేశాడు. ఒక తీగ మీటితే అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ ఎందుకు కదులుతుందో ఈ చిన్న చిన్న తోపుల లెక్కతోనే వివరించాడు.

మీ ఇంట్లో వీణ ఉంది కాబట్టి దీన్ని అమ్మాయి చేత చేయించండి. ఇక్కడ దొరికేది చాలావరకు బొబ్బిలి వీణే అయుంటుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దులోంచి కుండ, దండి కలిపి తొలిచి చేసే ఏకాండి వీణలకి పెద్ద పేరు. వీణకి మెట్ల మీద వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికి మూడు. మెట్ల మీది మొదటి తీగ సారణిని షడ్జమానికి, తాళం తీగల్లో ఒకటైన పక్క సారణిని కూడా అదే షడ్జమానికి బాగా కలపండి. సన్నటి కాగితం ముక్కని మధ్యకి మడిచి, పక్క సారణి మీద గుర్రం ఎక్కించినట్టు కూర్చోబెట్టండి. ఇప్పుడు సారణిని మెట్టు నొక్కకుండా మీటి వదలండి. ఎవరూ ముట్టుకోని పక్క సారణి మీద కాగితం వణికి ఎగిరి పడుతుంది. ఇప్పుడు పక్క సారణి బిరడాని రవ్వంత తిప్పి మళ్ళీ మీటండి. సారణి అంతే గట్టిగా మోగినా కాగితం కూర్చున్నచోటే కూర్చుంటుంది.

అక్కడితో ఆపొద్దు. పక్క సారణిని తిరిగి శ్రుతి చేసి, ఈసారి కాగితాన్ని పక్క పంచమం మీద, అంటే పంచమానికి కలిపిన తాళం తీగ మీద, సరిగ్గా మధ్యలో పెట్టండి. సారణి మీటితే కదలదు. అదే కాగితాన్ని తీగ పొడుగులో నాలుగో వంతు దగ్గరకి జరపండి, కదులుతుంది. షడ్జమానికీ పంచమానికీ ఉన్న నిష్పత్తి 2కి 3. తీగ అసలు స్వరంతో పాటు దానికి రెండు, మూడు రెట్ల వేగంతో ఊగే స్వరాలు కూడా మోతలో ఉంటాయి, వాటిని అనుస్వరాలంటారు. సారణి మోతలో దాగిన మూడో అనుస్వరమూ, పంచమం తీగ రెండో అనుస్వరమూ ఒకే పౌనఃపున్యం, అంటే సెకనుకి అన్నేసి సార్లే ఊగుతాయి. కాబట్టి పంచమం తీగ మొత్తంగా ఊగదు, రెండు సగాలుగా ఊగుతుంది, నడిమధ్య నిశ్చలంగా ఉంటుంది. ఇలా కాగితం ముక్కలతో తీగల మీది నిశ్చల బిందువుల్ని పట్టుకున్న ప్రయోగాల్ని 1677లో ఇంగ్లండులో జాన్ వాలిస్ ప్రకటించాడు. కాగితం చిన్నదిగా, తేలిగ్గా ఉండాలి, ఫ్యాన్ ఆపెయ్యాలి. ఈ రెండో భాగంలో కదలిక తక్కువ, ఓపిక కావాలి.

వీణ గుర్రం పైన వెడల్పాటి లోహపు రేకు ఉంటుంది. తీగ దాన్ని రాసుకుంటూ ఊగడం వల్ల అనుస్వరాలు మామూలు తీగవాద్యాల కంటే ఎక్కువ పుడతాయి. తీగని ఎక్కడ మీటితే ఏ అనుస్వరం రాకూడదో చెప్పే పాత సూత్రం ఒకటుంది, అది వీణకి, తంబురాకి సరిగ్గా వర్తించదని సి.వి. రామన్ 1921లో చూపించాడు. మన ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇంకో సంతోషం, ఆయన స్కూలు చదువు విశాఖపట్నంలోనే సాగింది. అనుస్వరాలు ఎక్కువైన కొద్దీ పక్క తీగలకి స్పందించే అవకాశాలు ఎక్కువవుతాయి. తాళం తీగల్ని ముట్టుకోకపోయినా అవి వీణ నాదంలో ఎప్పుడూ పాలు పంచుకుంటూనే ఉంటాయి.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఉంది. పాత అర్థం ‘కొట్టాక చాలాసేపు మోగడం’. శాస్త్రంలో అర్థం ‘తన పౌనఃపున్యం వచ్చినప్పుడు విపరీతంగా స్పందించడం’. రెండూ వేరువేరుగా కనిపిస్తాయి, పుస్తకాలు కూడా రెండిటినీ వేరు అధ్యాయాల్లో పెడతాయి. నిజానికి అవి ఒకే గుణానికి రెండు ముఖాలు. ఏ వస్తువు ఎంత ఎక్కువసేపు మోగుతుందో, అది అంత కచ్చితంగా ఎంచుకుని స్పందిస్తుంది. ఉదాహరణకి ఒక తీగ ఊపు సెకను కాలంలో మూడో వంతుకి తగ్గుతుందనుకుందాం. అది సుమారు 0.3 హెర్ట్జ్ (హెర్ట్జ్ అంటే సెకనుకి ఒకసారి ఊగడం) వెడల్పులో వచ్చినవాటికే బాగా పలుకుతుంది. అదే ఊపు సెకనులో వందో వంతు కాలానికే అంతగా తగ్గిపోతే, సుమారు 30 హెర్ట్జ్ వెడల్పులో దేనికైనా పలుకుతుంది. ఆగే కాలం, పలికే వెడల్పు, ఈ రెండిటి లబ్ధం మారదు. బిరడా రవ్వంత తిప్పగానే కాగితం ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలుస్తుంది. పక్క సారణి చాలాసేపు మోగే తీగ, అందుకే అంత పట్టింపు.

వీణ కుండ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. చాలామంది సంగీతం మేష్టార్లు కూడా ‘కుండలో రెజొనెన్స్ వల్ల నాదం పెరుగుతుంది’ అంటారు. అందులో సగమే నిజం. కుండ మీది పలక మీద వేలితో తట్టి చూడండి, ‘టక్’మని ఆగిపోతుంది, గంటలా సాగదు. తొందరగా ఆగిపోతుంది కాబట్టే ఏ ఒక్క స్వరానికో అంటిపెట్టుకోకుండా మంద్రం నుంచి తారం దాకా అన్నిటికీ ఎంతోకొంత పలుకుతుంది. తీగ సన్నగా ఉంటుంది, గాలిని పెద్దగా కదపలేదు. గుర్రం ద్వారా ఆ ఊపు పలకకి చేరితే, అంత వెడల్పు పలక గాలిని కదుపుతుంది. దీన్ని పుస్తకంలో బలాత్కృత కంపనం అంటారు. కుండ గనక గంటలా మోగేదైతే రిషభం దగ్గర హోరెత్తి గాంధారం దగ్గర నీరసపడేది, అలాంటి వీణని ఎవరూ కొనరు. మంచి వీణలో కుండకి ఉండే సొంత కంపనాలు వెడల్పుగా, ఒకదాని మీదకి ఒకటి ఒరిగి ఉంటాయి. గొల్లపల్లి పనివాళ్ళు చెక్కేటప్పుడు పలక మందం చూసుకుంటూ తట్టి వినేది దీనికోసమే. తీగ చాలాసేపు మోగాలి, కుండ మోగకూడదు. మా విజయనగరంలాంటి ఊళ్ళో, 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన కాలేజీ ఉన్న ఊళ్ళో, సంగీతం క్లాసులోనూ ఫిజిక్స్ క్లాసులోనూ ఈ ఒక్క తేడా పిల్లలకి కలిపి చెబితే ఎంత బాగుండునో అని నాకు ఎప్పుడూ ఉంటుంది.

కాలేజీ ల్యాబులో చేసే అనునాద వాయుస్తంభం ప్రయోగం గురించి రెండు ముక్కలు. 512 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్‌ని) రబ్బరు దిమ్మ మీద కొట్టి గొట్టం మూతి మీద పట్టుకుంటారు, నీటి మట్టం దించుతూ పోతారు. మన ఎండలకి 30 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు. గాలి స్తంభం పొడుగు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే 17 సెంటీమీటర్లు కావాలి. మూతి దగ్గరి సవరణ తీసేస్తే 16 దగ్గర మొదటిసారి, 50 దగ్గర రెండోసారి హోరు వినిపిస్తుంది. అమ్మాయి రికార్డులో ఈ దరిదాపుల్లో అంకెలు రాకపోతే నీళ్ళు మరీ తొందరగా దించేస్తోందని అర్థం.

శబ్దం నుంచి ఈ మాట కరెంటులోకి ఎలా వెళ్ళిందంటే, లెక్క ఒకటే కావడం వల్ల. ఒక తీగచుట్టని, ఒక కండెన్సర్‌ని కలిపితే వాటి మధ్య విద్యుత్తు అటూ ఇటూ ఊగుతుంది, దానికీ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది మా తరం వాళ్ళకి గుర్తే. రేడియో బిరడా తిప్పినప్పుడు లోపల కండెన్సర్ రేకులు ఒకదాన్లోకి ఒకటి జరిగి, ఆ సర్క్యూట్ సహజ పౌనఃపున్యం మారేది. వీణ బిరడాతో తీగని శ్రుతి చెయ్యడం, రేడియో బిరడాతో స్టేషన్ పట్టడం ఒకే పని. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. పక్క స్టేషన్ కలవకుండా ఉండాలంటే రేడియో ఆ మేరకు పట్టింపుగా ఉండాలి. ఈ పట్టింపుని ఇంజనీర్లు క్యూ అంటారు. మంచి సెట్లలో ఈ ఏరివేత అంతా ఒక్కచోట జరగదు, లోపలి దశల్లోనూ జరుగుతుంది. సూత్రం మాత్రం అదే.

మీ నాన్నగారి ఎం.ఆర్.ఐ.కి వద్దాం. శరీరంలోని నీళ్ళలో, కొవ్వులో హైడ్రోజన్ ఉంటుంది. దాని కేంద్రకం, అంటే ప్రోటాను, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక నిర్ణీత పౌనఃపున్యంతో తిరుగాడుతుంది. అయస్కాంత క్షేత్రం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు, ఒక టెస్లాకి 42.58 మెగాహెర్ట్జ్. మన ఆస్పత్రుల్లో ఎక్కువగా ఉండే 1.5 టెస్లా యంత్రంలో సుమారు 63.9 మెగాహెర్ట్జ్. సరిగ్గా ఆ పౌనఃపున్యంలో రేడియో తరంగం పంపితే ప్రోటాన్లు ఆ శక్తిని అందుకుంటాయి, కాస్త తేడా వస్తే అందుకోవు. ఇది శాస్త్రంలో చెప్పే అర్థం. తరంగం ఆపెయ్యగానే ప్రోటాన్లు అదే పౌనఃపున్యంలో తామే కాసేపు సంకేతం ఇస్తూ, క్రమంగా సద్దుమణుగుతాయి. యంత్రం పట్టుకునేది ఆ సంకేతాన్నే, అంటే కొట్టాక సాగే అనురణనాన్ని. ఇది లాటిన్ మాటకి ఉన్న పాత అర్థం. ఒక్కో కణజాలంలో అది ఒక్కో వేగంతో తగ్గుతుంది, బొమ్మలో నలుపు తెలుపు తేడాలు చాలావరకు దాన్నుంచే వస్తాయి. 1938లో రాబీ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని అణువుల పుంజాల్లో కనిపెట్టాడు, 1946లో బ్లాక్, పర్సెల్ ఎవరికి వారు విడివిడిగా ద్రవ, ఘన పదార్థాల్లో చూపించారు. రెజొనెన్స్ అనే మాట ఇంత నిండుగా, రెండు అర్థాలతోనూ సరిపోయే చోటు నాకు ఇంకోటి తెలియదు. అన్నట్టు, స్కాన్ చేసేటప్పుడు వినిపించే ఆ డబడబ చప్పుడికీ దీనికీ సంబంధం లేదు. అది లోపలి తీగచుట్టల్లో కరెంటు మారుతూ ఉంటే అవి అదిరే చప్పుడు. నాన్నగారికి టెన్షన్ అక్కర్లేదని చెప్పండి.

కెమిస్ట్రీలో ఉన్నది మాత్రం దూరపు చుట్టం. ఒకేలాంటి రెండు లోలకాల్ని కలిపితే ఊపు ఒకదాన్నుంచి ఒకదానికి పోయి వస్తుంది. 1926లో హైజెన్‌బర్గ్ హీలియం పరమాణువు లెక్కల్లో అలాంటి సమీకరణాలు ఎదురై ఆ పేరు వాడాడు, 1930లలో లైనస్ పౌలింగ్ దాన్ని అణువుల బంధాలకి తెచ్చాడు. అంతే గానీ బెంజీన్ ఒక రూపం నుంచి ఇంకో రూపానికి ఊగుతూ ఉండదు. దానిలో ఆరు కార్బన్ బంధాలూ ఎప్పుడూ సమానమే, సుమారు 1.39 ఆంగ్‌స్ట్రాములు. ఏక బంధం 1.54కీ ద్విబంధం 1.34కీ మధ్యన. మనం కాగితం మీద గీసే రెండు బొమ్మల్లో ఏదీ విడిగా నిజం కాదు. ఈ పేరు ఇక్కడ పెట్టకుండా ఉంటే పిల్లలకి మేలయ్యేదని నా గట్టి అభిప్రాయం. అమ్మాయిని ఫిజిక్స్ అనునాదంతో దీన్ని కలుపుకోవద్దనండి.

వంతెనల గురించి కూడా ఒక హెచ్చరిక. 1940లో అమెరికాలో టాకోమా వంతెన గాలికి మెలికలు తిరిగి కూలిన వీడియో చూపించి రెజొనెన్స్ అని చెబుతుంటారు. అక్కడ గాలి తాళం వేసినట్టు తొయ్యలేదు. వంతెన తన మెలికతోనే గాలి నుంచి శక్తి లాక్కుంటూ పోయింది, దాన్ని ఫ్లట్టర్ అంటారు. సరైన ఉదాహరణ కావాలంటే 1831లో మాంచెస్టర్ దగ్గర బ్రాటన్ వంతెన చెప్పొచ్చు. సైనికులు కవాతు అడుగు వేస్తూ దాటుతుంటే కూలింది. ఆ తర్వాత వంతెనల మీద అడుగు కలపకుండా నడవమని సైన్యానికి ఆదేశించారు. ఇంకా పెద్ద ఉదాహరణ 1985 సెప్టెంబరు 19న మెక్సికో సిటీ. భూకంపం పుట్టింది 300 కిలోమీటర్లకి పైగా దూరంలో. నగరం ఉన్నది పాత చెరువు బురద మీద. ఆ బురద సుమారు రెండు సెకన్లకొకసారి ఊగింది. ఎక్కువగా దెబ్బతిన్నవి 6 నుంచి 15 అంతస్తుల భవనాలు. పొట్టి ఇళ్ళు, మరీ ఎత్తైన టవర్లు చాలావరకు నిలబడ్డాయి.

చివరిగా అమ్మాయి పరీక్ష కోసం. బయటి నుంచి పడే ఆవర్తన బలం పౌనఃపున్యం, వస్తువు సహజ పౌనఃపున్యంతో సమానమైనప్పుడు కంపన పరిమితి గరిష్ఠమవడం అనునాదం అని రాయాలి. కింద ఒక వాక్యం చేర్చమనండి: అవరోధం తగ్గిన కొద్దీ ఆ గరిష్ఠం ఎత్తుగా, సన్నగా అవుతుంది. గ్రాఫ్ అడిగితే అవరోధం ఎక్కువ, తక్కువ ఉన్న రెండు వక్రరేఖలూ ఒకే అక్షాల మీద గీయాలి. ప్రతిధ్వని అనే మాట ఆ జవాబులో ఎక్కడా రాకూడదు.